తోలు ఒరకు తైలం ఎంత?

దసరా వెళ్ళి దీపావళి వచ్చేలోపు మా దొడ్డబళ్ళాపురంలో చాలా ఇళ్ళలో ఒక పని తప్పకుండా జరుగుతుంది. బీరువాలు తెరిచి, వానాకాలమంతా మడతల్లో ఉండి ముక్కిపోయిన వాసన పట్టిన పట్టుబట్టలను బయటికి తీసి నీడలో ఆరవేస్తారు. మగ్గాల ఊరు కదా, పట్టుకు ఎండ పనికిరాదని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. పట్టుచీరకు చేసే ఈ మర్యాద తోలు వస్తువుకు మాత్రం ఎవరూ చెయ్యరు. బూట్లకు ఎప్పుడో పాలిష్ పడుతుంది. బెల్టు తెగితే కొత్తది వస్తుంది. మిగిలిన తోలు సామాను ట్రంకుపెట్టె అడుగున బూజు పట్టి ఉంటుంది.

పోయిన సంచికలో ఇత్తడి సామాను గురించి రాశాక ఇద్దరు పాఠకులు ఇంచుమించు ఒకే విషయం అడిగారు. ఒకరి తండ్రిగారు సైన్యంలో పనిచేసి పదవీ విరమణ చేసినవారు. ఆయన పోయాక లైసెన్సు రివాల్వర్‌ను పోలీసు స్టేషనులో అప్పగించారు. రివాల్వర్ పెట్టుకునే తోలు ఒర మాత్రం ఇంట్లో మిగిలింది. ఇప్పుడు దానిమీద తెల్లటి బూజు. "పారేయడానికి మనసు ఒప్పడం లేదు, పట్టుకుంటే చేతికి పొడి అంటుతోంది, కొబ్బరినూనె రాయవచ్చా?" అని అడిగారు. రెండో ఆయన ఒక సంస్థలో కాపలా ఉద్యోగి. తన తూటాల పటకా మీది ఇత్తడి బొత్తాల చుట్టూ పచ్చగా జిగురులాంటిది చేరుతోందనీ, తుడిచిన వారానికే మళ్ళీ వస్తోందనీ ఆయన బాధ.

తుపాకి ఒర గురించి కుటుంబ పత్రికలో రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కానీ మనవాళ్ళలో సైన్యంలోనూ పోలీసులోనూ పనిచేసినవారు తక్కువేమీ కాదు. సైన్యం నుంచి వచ్చాక బ్యాంకుల్లో సాయుధ గార్డులుగా చేరినవారూ ఉన్నారు, పంట కాపలాకు లైసెన్సు తుపాకి ఉంచుకున్న రైతు కుటుంబాలూ ఉన్నాయి. ఆయుధం ఇంట్లో లేకపోయినా దాని తోలు సామాను చాలాచోట్ల ఉంది. పైగా ఇక్కడ చెప్పే మాటల్లో ముప్పాతిక భాగం మీ తోలు సంచికీ, బెల్టుకీ, పాత సూట్‌కేసుకీ కూడా పనికివస్తాయి.

అన్నిటికంటే ముందు, ఒరను చేతిలోకి తీసుకునేటప్పుడు అందులో ఆయుధం ఉండకూడదు. లైసెన్సు ఉన్నవారు ఆయుధాన్ని ఖాళీ చేసి, ఖాళీ అయిందని రెండుసార్లు చూసి, వేరే గదిలో తాళం వేసి, ఆ తరువాతే ఒర పని మొదలుపెట్టాలి. శుభ్రం చేసే బల్ల మీద తూటా అనేది కనిపించకూడదు. తండ్రిగారి పాత సామాను విప్పుతున్నవారైతే పటకాలోని ప్రతి గూడునూ, ప్రతి చిన్న సంచినీ వేలు పెట్టి వెతకండి. ఎక్కడో ఒక మూల ఏళ్ళక్రితం మరిచిపోయిన తూటా ఉండవచ్చు. దొరికితే దాన్ని తోమవద్దు, కడగవద్దు, జ్ఞాపికగా దాచుకోనూవద్దు. పోలీసు స్టేషనుకు ఫోను చేసి, వాళ్ళు చెప్పిన ప్రకారం అప్పగించండి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా ఉంచుకోవడం కూడా నేరమే. అదే సంచి తీసుకుని దేవనహళ్ళి విమానాశ్రయానికి వెళితే స్కానరులో అది కనబడుతుంది. ప్రయాణం ఆగిపోతుంది, ఆపైన సంజాయిషీలు.

ఇక తోలు సంగతి. పచ్చి చర్మం కుళ్ళిపోతుంది. కుళ్ళకుండా, ఎండి రేకులా బిరుసెక్కకుండా పదును చేస్తే అది తోలు అవుతుంది. ఈ పదును ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చెట్ల బెరడు, కాయల వగరుతో చేసేది. రెండోది క్రోమియం లవణాలతో చేసేది. మన దక్షిణాదిలో పాత పద్ధతికి ఆధారం తంగేడు చెక్క, కరక్కాయ. బతుకమ్మలో పేర్చే ఆ తంగేడే. 2014లో రాష్ట్రం ఏర్పడ్డాక తెలంగాణ దాన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. ఆ చెట్టు బెరడుతో పదును చేసిన తోళ్ళు ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి లండన్ దాకా వెళ్ళేవి. వాటికి ఈస్ట్ ఇండియా తోళ్ళని పేరు.

తోలు మాట వచ్చినప్పుడు మన తెలుగువారు ఒక పేరు తలుచుకోవాలి. తెనాలి దగ్గరి యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మగారు తోలు శాస్త్రాన్ని చదువుకుని, మద్రాసు అడయారులో 1948లో మొదలైన కేంద్ర తోలు పరిశోధన సంస్థకు 1958 నుంచి 1971 వరకు డైరెక్టరుగా ఉన్నారు. ఆ తరువాత దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. తోలు పని అంటే ముక్కు మూసుకునే సమాజంలో పుట్టి, ఆ పనికి ప్రయోగశాలలో గౌరవమైన చోటు చూపించినవారాయన. 1985 జూన్ 23న ఐర్లండ్ తీరానికి దగ్గరలో సముద్రం మీద పేలిపోయిన ఎయిరిండియా కనిష్క విమానంలో ఆయన కూడా ఉన్నారు. మన పిల్లలకు ఆయన పేరు చెప్పడానికి ఇంట్లోని ఒక పాత తోలు వస్తువు మంచి సాకు.

మీ ఇంట్లో ఉన్నది ఏ రకం తోలో తెలుసుకోవాలంటే కోసిన అంచును చూడండి. అంచు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటే సాధారణంగా చెట్టు వగరుతో చేసినది. మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు చార కనిపిస్తే క్రోమియంతో చేసినది. పాత ఒరలు ఎక్కువగా మొదటి రకం. ఎందుకంటే వగరు తోలును తడిపి, ఆయుధం ఆకారానికి అదిమి ఆరబెడితే ఆ ఆకారం నిలిచిపోతుంది, గట్టిగానూ ఉంటుంది. క్రోమియం తోలు మెత్తగా వంగుతుంది. చేతిసంచులకీ బూట్ల పైభాగాలకీ అది మేలు.

ఒరకు ఆ గట్టిదనమే ప్రాణం. ఈ మాట మనసులో పెట్టుకుంటే మిగతా సలహాలన్నీ దానంతటవే అర్థమవుతాయి.

ఒక్క క్షణం చరిత్రలోకి వెళదాం. పోలీసు, సైనిక అధికారుల నడుముకు వెడల్పాటి తోలు బెల్టు, భుజం మీదుగా ఏటవాలుగా ఇంకో పట్టీ మీరు చూసే ఉంటారు. దాని పేరు సామ్ బ్రౌన్ బెల్టు. సామ్ బ్రౌన్ 1824లో బెంగాల్‌లోని బారక్‌పూర్‌లో పుట్టిన ఆంగ్లేయ సైనికాధికారి. 1858 ఆగస్టు 31న, ఇప్పటి ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో జరిగిన పోరులో ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. ఎడమ చేత్తో ఒరను పట్టుకుంటేనే కుడిచేత్తో కత్తి సాఫీగా వస్తుంది. చేయి లేదు కనుక ఒర ఊగకుండా నిలబడేందుకు భుజం పట్టీతో బెల్టు తయారుచేసుకున్నాడు. పిస్టల్ ఒర కూడా దానికే తగిలించేవాడు. క్రమంగా రెండు చేతులూ ఉన్నవారు కూడా అదే కట్టారు. ఒర కదలకూడదు, ఊగకూడదు, మెత్తబడి వంగకూడదు అన్న అవసరం లోంచి పుట్టిన వస్తువది.

ఇప్పుడు శుభ్రం చేసే పద్ధతి చెబుతాను. మొదట పొడి పని. మెత్తటి కుచ్చు బ్రష్షుతో దుమ్ము దులపాలి. దొడ్డబళ్ళాపురంలాంటి చోట ఇది మరీ అవసరం. మరమగ్గాల ఊళ్ళో గాలిలోనే నూలు నలకలు ఉంటాయి. అవి ఒర అడుగున చేరతాయి. నూనె తగిలితే ముద్ద కడతాయి. ఆ ముద్ద ఆయుధంలోకి పోతే లోపలి కదిలే భాగాలు పట్టేస్తాయి. అందుచేత ఒరను తలకిందులు చేసి తట్టండి. సన్నని కర్రకు పొడిగుడ్డ చుట్టి అడుగుదాకా తుడవండి.

బూజు ఉంటే దులిపే పని ఇంటి బయట చెయ్యండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. ఇంట్లో దులిపితే ఆ బూజు పొడి పక్కనున్న బట్టలకు చేరుతుంది. తరువాత సర్జికల్ స్పిరిటూ నీళ్ళూ సమపాళ్ళలో కలిపి, గుడ్డను అందులో ముంచి గట్టిగా పిండి, ఒకసారి తుడవండి. ముందు కనిపించని మూల ఒకటి చూసుకుని అక్కడ పరీక్షించాలి. రంగు గుడ్డకు అంటితే ఆపేయండి. స్పిరిటు మంట అందుకుంటుంది కనుక దగ్గరలో పొయ్యి, దీపం, అగరుబత్తి ఉండకూడదు.

మట్టీ చెమటా పట్టిన చోట గుర్రపు జీన్లకు వాడే సబ్బు దొరికితే అది, దొరకకపోతే గ్లిజరిన్ సబ్బు. సబ్బును తోలు మీద రుద్దకూడదు. తడిగుడ్డ మీద రుద్ది, ఆ నురుగుతో తుడవాలి. వెంటనే వేరే తడిగుడ్డతో సబ్బు తీసేసి, పొడిగుడ్డతో ఒత్తాలి. బట్టల సబ్బు, డిటర్జెంటు పొడి, వంటసోడా పనికిరావు. వాటి క్షారానికి వగరు తోలు నల్లబడుతుంది, బిరుసెక్కుతుంది. బకెట్టులో నానబెట్టడం అసలే వద్దు. అదిమి నిలిపిన ఆకారం నీళ్ళలో నానితే పోతుంది.

ఆరబెట్టడం నీడలోనే, గాలి ఆడే చోట. ఎండలో పెడితే పైపొర ముందు ఆరి లోపలిది ఆరక పగుళ్ళు వస్తాయి. తడిసిన వగరు తోలు 70, 80 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. ఒకసారి ముడుచుకున్నది మళ్ళీ సాగదు. ఇస్త్రీపెట్టె, జుట్టు ఆరబెట్టే యంత్రం, గ్యాసు పొయ్యి పక్కన గట్టు వీటికి దూరం. లోపల తెల్లకాగితం ఉండచుట్టి పెడితే ఆకారం నిలుస్తుంది. అచ్చుకాగితం పెడితే సిరా అంటుతుంది. ఒక రోజుకు తక్కువ కాకుండా ఆరనివ్వండి.

నూనె దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. మన పల్లెల్లో కొత్త చెప్పులను ఆముదంలో నానబెట్టే అలవాటు ఉండేది. కొత్త తోలు కరుస్తుంది, ఆముదం తాగితే మెత్తబడి కాలికి అమరుతుంది. చెప్పుకు అది సరైన వైద్యం. అదే వైద్యం ఒరకు చేస్తే రోగం. మా బ్యాంకులో చాలా ఏళ్ళక్రితం గార్డుగా ఉన్న హిందూపురం వైపు మాజీ సైనికుడు ఒకాయన తన పటకాను నెలకోసారి తుడుచుకునేవాడు. నూనె సీసా మాత్రం ముట్టేవాడు కాదు. అడిగితే, "నూనె తాపితే తోలు మెత్తబడతాది సార్. మెత్తబడిన ఒర ఉంటే ఎంత, లేకుంటే ఎంత?" అన్నాడు. పెద్దపెద్ద పుస్తకాలు చెప్పే మాటను ఆయన రెండు వాక్యాల్లో తేల్చాడు.

ఒర మెత్తబడితే ఏమవుతుంది? నోటి దగ్గరి అంచు లోపలికి ముడుచుకుంటుంది. ఆయుధాన్ని ఒరలోకి దించేటప్పుడు ఆ ముడత ట్రిగ్గర్ చుట్టూ ఉండే కడియంలోకి దూరుతుంది. ఇంకాస్త నొక్కితే వేలు చేసే పని ఆ తోలు ముడత చేస్తుంది. తుపాకి పేలుతుంది, తూటా తొడలోకో పాదంలోకో పోతుంది. అరిగి మెత్తబడిన తోలు ఒరల వల్ల ఇలాంటి ప్రమాదాలు ఇతర దేశాల్లో నిజంగానే జరిగాయి. ప్రేమకొద్దీ పోసిన నాలుగు చుక్కల నూనె ఒక మనిషి కాలు మీదికి తెస్తుందంటే నమ్మబుద్ధి కాదు గానీ, దాని వెనక లెక్క ఇంతే.

మరి నూనె పూర్తిగా మానాలా? అక్కర్లేదు. తోలు బాగా పొడిబారి, వంచితే సన్నని గీతలు పడుతుంటే కొంచెం కొవ్వు అవసరం. తేనెమైనం ఎక్కువగా ఉన్న తోలు లేపనం మంచిది. అది పైన పలుచని పొరలా నిలిచి తేమను ఆపుతుంది, లోపలికి పెద్దగా ఇంకదు. గొర్రె ఉన్ని కొవ్వు కలిసినవి కూడా దొరుకుతాయి. బజారులో నీట్స్‌ఫుట్ నూనె అని అమ్మేది పశువుల కాళ్ళ ఎముకల నుంచి తీసేది. పట్టింపు ఉన్న ఇళ్ళవారు ఈ సంగతి తెలుసుకుని కొనడం మంచిది. అది తోలులోకి బాగా ఇంకి మెత్తబరుస్తుంది. జీన్లకీ పగ్గాలకీ మేలు, ఆకారం నిలవాల్సిన ఒరకు కాదు.

కొబ్బరినూనె గురించి అడిగారు. వద్దు. అది 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో మన పీఠభూమి మీద రాత్రిపూట చలి అంతకంటే చాలా కిందికి దిగుతుంది. గడ్డకట్టి, కరిగి, మళ్ళీ గడ్డకట్టి, చివరికి కంపు కొడుతుంది. దుమ్మును పట్టుకుంటుంది. వంటింటి నూనెలు ఏవైనా అంతే. వాటిమీద బూజు మరీ ఇష్టంగా పెరుగుతుంది.

కొలత అడిగితే ఇలా చెబుతాను. ఒక ఒరకు బఠాణీగింజంత లేపనం చాలు. గుడ్డకు రాసి, గుడ్డను తోలు మీద గుండ్రంగా తిప్పాలి. బయటి వైపు మాత్రమే. లోపలి వైపు ఏమీ రాయవద్దు. రాసిన మర్నాడు పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి. డబ్బా మీద ఎంత గొప్పగా రాసి ఉన్నా అంతకు మించి అక్కర్లేదు. అకౌంట్లు చదువుకున్నవాణ్ణి కనుక ఒక మాట. తరుగుదల ఏటా కొంచెం కొంచెంగా రాసుకుంటాం గానీ, ఒకే ఏడు మొత్తం రాసెయ్యం. తోలు సంరక్షణ కూడా అంతే. పదేళ్ళు వదిలేసి ఒకేరోజు డబ్బా అంతా పట్టిస్తే పోయిన ఆయుష్షు తిరిగి రాదు.

నల్లటి పైతోలు మెరవాలంటే మామూలు బూటు పాలిష్ పలుచగా వాడవచ్చు. లోపల నూగులా ఉండే తోలుకు పాలిష్ గానీ మైనం గానీ తగలకూడదు.

ఇక ఇత్తడి దగ్గర చేరే పచ్చదనం. దాన్ని మనం చిలుము అంటాం. తోలులో కొవ్వూ కొద్దిగా ఆమ్లమూ ఉంటాయి. ఇత్తడిలోని రాగితో అవి కలిసి, తేమ తోడై, పచ్చటి మైనంలాంటి పదార్థం తయారవుతుంది. నూనె ఎక్కువ పోసినకొద్దీ చిలుము ఎక్కువవుతుంది. వారానికోసారి తిరిగి రావడానికి కారణం ఎక్కువగా ఇదే. వెదురుపుల్లతో గీరి, పొడిగుడ్డతో తుడిచి, నూనె మానేస్తే నెల రెండు నెలల్లో తేడా తెలుస్తుంది. పోయిన సంచికలో ఇత్తడి చెంబులకు చింతపండు చెప్పాను గదా అని దీనికీ వాడవద్దు. పులుపు తోలులోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఇత్తడి మెరుగు పెట్టాలంటే బొత్తం చుట్టూ దళసరి కాగితం అడ్డుపెట్టి, మెరుగు మందును గుడ్డ కొసకు రాసి రుద్దండి.

తుపాకి తూటాలకూ ఇదే తంటా. ఈ తూటాల అడుగు భాగం ఇత్తడి రంగు లోహమే. పటకా గూళ్ళలో నెలల తరబడి అలాగే ఉంచితే చిలుము పట్టి గూడులో అంటుకుపోతాయి. తొందరలో బయటికి రావు, వచ్చినా తుపాకి గొట్టంలో సరిగ్గా కూర్చోవు. డ్యూటీ అయ్యాక తూటాలు తీసి, లెక్క చూసి, రిజిస్టరులో రాసి, పెట్టెలో పెట్టడం అన్న నియమం లెక్క కోసమే కాదు, వస్తువు కోసం కూడా.

అదే కారణంగా ఆయుధాన్ని ఒరలో పెట్టి దాచకూడదు. ఒర మోసుకెళ్ళడానికి ఉన్నది, దాచడానికి కాదు. తోలు గాలిలోని తేమను పీల్చి పట్టుకుంటుంది. దానిలోని వగరూ ఆ తేమా కలిసి ఉక్కును తుప్పు పట్టిస్తాయి. ఒర లోపల నల్లటి మరక కనిపిస్తే అది మట్టి కాదు, తుప్పుకూ వగరుకూ పుట్టిన నలుపు. శ్రీకాళహస్తి కలంకారీ చూసినవారికి ఇది కొత్త కాదు. అక్కడ బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి ఆరబెడతారు. తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో గీత గీస్తే, ఆ గీత బట్ట మీద నల్లగా తేలుతుంది. బట్ట మీద అది కళ, ఒరలో అది హెచ్చరిక. ఆ మరక పోదు, పోగొట్టాలని గీకవద్దు. ఆయుధం తేమలో ఉందని తెలుసుకుంటే చాలు.

దాచే పద్ధతి సులువు. ప్లాస్టిక్ సంచిలో మూటకట్టవద్దు. లోపలి తేమ బయటికి పోలేక బూజుకు ఇల్లవుతుంది. ఉతికిన నూలుగుడ్డ సంచిలో వేసి, బీరువాలో పై అరలో, గోడకు తగలకుండా పెట్టండి. కొత్త వస్తువుల పెట్టెల్లో వచ్చే సిలికా పొట్లాలు ఒకటి రెండు వేస్తే మంచిది, పిల్లలకు అందకుండా చూసుకోండి. కలరా ఉండలు పురుగుల కోసం, బూజును అవి ఆపలేవు. గాలిలో తేమ 65 శాతం దాటి రోజుల తరబడి నిలిస్తే బూజు లేస్తుంది. మనకు సెప్టెంబరు, అక్టోబరు వానలు ఎక్కువ కనుక ఆ రెండు నెలలూ పదిహేను రోజులకోసారి బయటికి తీసి ఒక పూట గాలికి పెట్టండి.

లైసెన్సుదారులకు ఇంకొక మంచి అదను ఉంది. ఎన్నికల నియమావళి వచ్చినప్పుడు, అధికారులు ఆదేశిస్తే లైసెన్సు ఆయుధాలను స్టేషనులో జమ చేయాలి. బ్యాంకు కాపలా ఆయుధాలకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు. కర్ణాటకలో 2023 మే నెలలో శాసనసభకు, 2024 ఏప్రిల్, మే నెలల్లో లోక్‌సభకు ఎన్నికలు ఎండాకాలంలోనే వచ్చాయి. ఆయుధం స్టేషనులో, ఒర ఇంట్లో, గాలి పొడిగా. ఒరకు నింపాదిగా పని చేసుకోవడానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవు.

ఏ ఒరను వాడకం నుంచి తప్పించాలి? నోరు ముడుచుకుపోయినది, ఆపే పట్టీ బొత్తం వదులైనది, కుట్లు ఊడినది, మడత దగ్గర పగులు లోతుగా దిగినది. కుట్లు మాత్రమే ఊడితే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయన మైనం పట్టించిన దారంతో పాత రంధ్రాల్లోనే కుట్టిపెట్టగలడు. కొత్త రంధ్రాలు పొడిస్తే అంచు చిరుగుతుందని ఆయనకు మనం చెప్పనక్కర్లేదు. ఇటుకపొడిలా ఎర్రటి పొడి రాలుతుంటే మాత్రం అది వేరే జబ్బు. పాత వగరు తోలును ఏళ్ళ తరబడి గాలిలోని గంధకపు కాలుష్యం తిని, లోపలి నారనే విరిచేసింది. పాత పుస్తకాల తోలు అట్టలకూ ఇదే వస్తుంది. దానికి నూనె రాస్తే ఇంకా నల్లబడుతుందే తప్ప బలం రాదు. తడి చెయ్యకుండా, వంచకుండా, గుడ్డలో చుట్టి జ్ఞాపకంగా ఉంచుకోవాలి. ఆయుధానికి మళ్ళీ దాన్ని వాడకూడదు.

మొదటి పాఠకుడి ఉత్తరంలో అడగని ప్రశ్న ఒకటి ఉంది. నలుగురికీ పనికివస్తుంది కనుక చెబుతాను. లైసెన్సుదారు చనిపోతే ఆ లైసెన్సుతో ఆయుధాన్ని ఇంట్లో ఉంచుకునే హక్కు ఇంకెవరికీ రాదు. ఆలస్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషనులోనో, లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారి దగ్గరో జమచేసి రసీదు తీసుకోవాలి. వారసులు కావాలనుకుంటే తమ పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, అక్కర్లేకపోతే నియమాల ప్రకారం అమ్మేయవచ్చు. దుఃఖంలో ఉన్న ఇంట్లో పదమూడు రోజులూ ఎవరికీ ఇది గుర్తుకు రాదు. అందుకే బతికుండగానే ఇంటి పెద్దలు లైసెన్సు పుస్తకం ఎక్కడుందో, తూటాలు ఎన్ని ఉన్నాయో, ఎవరు తీసుకెళ్ళి అప్పగించాలో ఒక కాగితం మీద రాసి, బ్యాంకు పాసుపుస్తకాల పక్కనే పెట్టాలి. నామినేషను రాయించండని ఖాతాదారులకు చెప్పీచెప్పీ నోరు నొప్పి పుట్టినవాణ్ణి నేను. ఇది కూడా ఒక రకం నామినేషనే.

ఆ పాఠకుడు తండ్రిగారి ఆయుధాన్ని సకాలంలో అప్పగించి సరైన పని చేశారు. మిగిలిన ఒర ఆయుధం కాదు, నిశ్చింతగా దాచుకోవచ్చు. బూజు తుడిచి, నీడలో ఆరబెట్టి, బఠాణీగింజంత లేపనం రాసి, నూలుసంచిలో పెట్టమనండి. అయితే ఎర్రపొడి రాలుతుంటే లేపనం కూడా వద్దు. పిల్లలు అడిగితే చూపించండి, తాతగారు ఎక్కడ పనిచేశారో చెప్పండి. ఆటవస్తువుగా మాత్రం ఇవ్వకండి. ఒరతో ఆడుకున్న చేయి రేపు ఇంకో ఇంట్లో నిజమైన ఆయుధం కనిపిస్తే జంకదు. ఆ జంకు పిల్లల్లో ఉండడమే మంచిది.

వచ్చే సంచికలో తాళాల గురించి. పాత ఇనప్పెట్టె తాళం బిగుసుకుంటే నూనె పొయ్యాలా, పెన్సిలు పొడి వెయ్యాలా అన్నది చూద్దాం. మీ ప్రశ్నలు సంపాదకవర్గం చిరునామాకు రాయండి.